ఇది ఆ ట్రోలింగ్ కాదు బాస్!

పన్నెండేళ్ల పాత మరబోటు. సముద్రం మధ్యలో ఆగిపోయే ఇంజిన్. చేతిలో ఉన్నది 61 రోజులు. బందరు పక్కన గిలకలదిండిలో ఈ వేసవిలో చూసిన రిపేరు కథ ఇది.

ట్రోలింగ్ అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? ఫ్లాపైన సినిమా, దాని మీద మీమ్స్, కింద కామెంట్ల యుద్ధం. ఒకడు ఎర వేస్తాడు, ఇంకొకడు కొరుకుతాడు, మిగతావాళ్లు పాప్‌కార్న్ తింటారు. అయితే ఆ మాట ఫోన్లలోకి రాకముందే నీళ్లలో ఉంది. నడుస్తున్న బోటు వెనక గాలాలు వదిలి, ఎర నిజంగా ఈదుతున్నట్టు లాక్కెళ్లడాన్ని ట్రోలింగ్ అంటారు. నెట్‌లోని ట్రోలింగ్‌కి ఆ పేరు ఇక్కడి నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు.

ఇంకో పొరపాటు కూడా ముందే తీసేద్దాం. ట్రోలింగ్ వేరు, ట్రాలింగ్ వేరు. ట్రాలింగ్ అంటే పెద్ద సంచిలాంటి వలని సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోవడం. దారిలో ఏముంటే అది వస్తుంది. పిల్ల చేపలు, పీతలు, అమ్ముకోవడానికి పనికిరానివీ అన్నీ. ట్రోలింగ్‌లో ఒక గాలానికి ఒక చేప. వస్తే వంజరం, సూర లాంటి పెద్ద చేప వస్తుంది. రాకపోతే ఏమీ రాదు. ఒక్క అక్షరం తేడాకి కథ మొత్తం మారిపోతుంది.

బందరు తీరంలో వేట అంటే ముఖ్యంగా వలలే. విశాఖకి ఇవతల పూడిమడక లాంటి ఊళ్లలో గాలాలతో సూర చేపలు పట్టడం పెద్ద వృత్తి. మన వైపు అంత లేదు. కానీ వల వేసే చోటికి గంటల తరబడి ప్రయాణం ఉంటుంది కదా? ఎలాగూ కాలే డీజిల్, ఎలాగూ తిరిగే ఇంజిన్. ఆ దారిలో వెనక రెండు గాలాలు వదిలితే పోయేదేముంది? ఈ లెక్కే మా బాబాయ్ బుర్రలో రెండేళ్లుగా తిరుగుతోంది.

బాబాయ్ అంటే నా బీటెక్ క్లాస్‌మేట్ వాళ్ల నాన్న. నాది ఉయ్యూరు. రోజూ చేసే పని ఒక హైదరాబాద్ కంపెనీకి కోడ్ రాయడం. ఇంటి నుంచి పని చేసే వారాల్లో శని, ఆదివారాలు బండేసుకుని బందరు రోడ్డు పట్టుకుంటే నలభై కిలోమీటర్లలో గిలకలదిండి. నా ఫ్రెండ్ బెంగళూరులో ఉన్నాడు. వాడి తమ్ముడు మాత్రం నాన్నతో పాటు బోటు మీదే. వాళ్లది ముప్పై అడుగుల ఫైబర్ బోటు, లోపల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. పోయిన సీజన్లో ఆ ఇంజిన్ మూడుసార్లు నడిసముద్రంలో ఆగింది. రెండుసార్లు ఎలాగో మళ్లీ అంటుకుంది. మూడోసారి వేరే బోటు తాడు కట్టి లాక్కొచ్చింది.

రోడ్డు మీద బండి ఆగితే పక్కకి తోసి ఎవరికో ఫోన్ చేస్తాం. సముద్రంలో ఆగితే గాలి, ప్రవాహం ఎటు లాగితే అటే. 2022 జూలైలో మచిలీపట్నం నుంచి వేటకు వెళ్లిన నలుగురు ఇంజిన్ చెడిపోయి కొన్ని రోజులు ఆచూకీ లేకుండా పోయారు. చివరికి క్షేమంగా ఒడ్డుకు చేరారు కాబట్టి సరిపోయింది. ఆ రోజులు ఇక్కడ అందరికీ గుర్తే. అందుకే ఈసారి పిన్ని తేల్చి చెప్పేసింది. ‘‘బాగుచేస్తే చేయించండి, లేదంటే అమ్మేయండి. ఆ బోటు మీద నా కొడుకుని పంపను’’ అని. కొత్త బోటు అంటే లక్షల్లో మాట, మళ్లీ అప్పు. పాతది అమ్మితే వచ్చే డబ్బు అందులో మూలకి కూడా రాదు. ఆ బోటు మీద బతికే కలాసీల ఇళ్లు ఇంకో నాలుగు ఉన్నాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఈ రోజులకిచ్చే భృతిని 10,000 నుంచి 20,000 రూపాయలకి పెంచింది. అది ఇల్లు గడవడానికి. బోటు ఖర్చు బోటుదే. ఈ 61 రోజుల్లో గిలకలదిండి హార్బర్ ఒక పెద్ద మెకానిక్ షెడ్డులా మారిపోతుంది. ఒకవైపు వలలు కుట్టడం, ఒకవైపు గ్రైండర్ల మోత, గాల్లో రెసిన్ వాసన. మన భాషలో చెప్పాలంటే ఏడాదికి ఒక్కసారి వచ్చే మెయింటెనెన్స్ విండో. జూన్ 14 అర్ధరాత్రి డెడ్‌లైన్. పొడిగించమని అడగడానికి మేనేజర్ ఉండడు.

ముందు ఒళ్లు, తర్వాత గుండె

బోటును ఒడ్డుకు లాగి, దుంగల మీద నిలబెట్టి మంచినీళ్లతో కడిగారు. అడుగున అంటుకున్న గుల్లలు గీకడానికే ఒక రోజు పట్టింది. అవి చూడ్డానికి చిన్నవే కానీ బోటుని వెనక్కి లాగే బ్రేకులు. అడుగు గరుకుగా ఉంటే అదే వేగానికి ఎక్కువ డీజిల్ కావాలి.

తర్వాత మేస్త్రి చిన్న సుత్తి తీసుకుని బోటు చుట్టూ తిరుగుతూ తట్టడం మొదలుపెట్టాడు. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే. గట్టిగా ఉన్నచోట ఖణ్‌మంటుంది. లోపల పొరలు విడిపోయినచోట చప్పుడు చచ్చినట్టు వస్తుంది. అలాంటి చోట్ల సుద్దముక్కతో సున్నాలు చుట్టాడు. పదకొండు తేలాయి. అందులో పెద్దది ఇంజిన్ దిమ్మ పక్కన. పన్నెండేళ్ల అదురు అంతా తిన్న చోటు అది.

ఫైబర్ బోటు అంటే ప్లాస్టిక్ బకెట్ లాంటిది కాదు. గాజు దారాల చాపను పాలిస్టర్ రెసిన్‌లో తడిపి పొరలు పొరలుగా పేర్చితే వచ్చేది. పగిలినచోట పైన ఇంత పూత పూసేస్తే ఆరు నెలల్లో ఊడిపోతుంది. చుట్టూ పల్లంగా, ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. మందానికి పన్నెండు రెట్లు ఏటవాలు ఉండాలన్నది లెక్క. ఆరు మిల్లీమీటర్ల మందమైతే చుట్టూ దాదాపు ఏడు సెంటీమీటర్లు. అప్పుడే కొత్త పొరలు పాతవాటిని గట్టిగా పట్టుకుంటాయి. లోపల ఉప్పు తడి మిగిలితే ఎంత మంచి రెసిన్ అయినా పట్టదు. అందుకే మంచినీళ్లతో కడిగి, నాలుగు రోజులు ఊరికే ఎండనిచ్చారు. ఆ నాలుగు రోజులు బాబాయ్ మొహం చూడాలి. పని జరగనట్టే ఉంటుంది కానీ అసలు పని అదే.

బందరు మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. రెసిన్‌ని గట్టిపరిచే క్యాటలిస్ట్‌ను కేజీకి పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు కలుపుతారు. ఈ ఎండలో ఇరవై వేస్తే బ్రష్ తీసేలోపే డబ్బాలో రాయైపోతుంది, పొగలు కూడా వస్తాయి. అందుకే తక్కువ మోతాదు, కొంచెం కొంచెంగా కలుపుకోవడం, పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేయడం. ఒక్క విషయం మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేసే తమ్ముళ్లు గుర్తుపెట్టుకోవాలి. రెసిన్‌తో పాటు కోబాల్ట్ యాక్సిలరేటర్ అని ఇంకో సీసా వస్తుంది. దాన్నీ క్యాటలిస్ట్‌నూ నేరుగా కలిపితే పేలుతుంది. ముందు ఒకటి రెసిన్‌లో బాగా కలిపాకే రెండోది వేయాలి. మేస్త్రి ఆ రెండు సీసాల్ని ఒక సంచిలో కూడా పెట్టడు. మాస్కు లేకుండా గ్రైండింగ్ చేసిన కుర్రాణ్ని మాత్రం బండబూతులు తిట్టాడు. ఆ గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. కోరమాండల్ తీరంలో ఒకప్పుడు మసూలా పడవలు ఉండేవి. మేకు అన్నది లేకుండా చెక్కల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు. అల కొట్టినప్పుడు విరక్కుండా వంగడానికి. ఆ పేరు మన మచిలీపట్నం నుంచే వచ్చిందా కాదా అన్నది పండితుల గొడవ, వదిలేద్దాం. తర్వాత చెక్క నావలకు ఇంజిన్లు వచ్చాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఎఫ్‌ఏవో వాళ్ల బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఒడ్డుకు నేరుగా లాక్కోగలిగే ఫైబర్ బోట్ల డిజైన్ల మీద ఏళ్ల తరబడి పని చేసింది. ఇవాళ మన తీరమంతా కనిపించే ఫైబర్ బోట్ల వెనక అంత చరిత్ర ఉంది.

‘మా మెషిన్‌లో పనిచేస్తోంది!’

ఇక అసలు విలన్ ఇంజిన్. దీని పాత రిపేర్ల చిట్టా చూస్తే ఇంజెక్టర్లు సర్వీస్ చేయించారు, ఫీడ్ పంపు మార్చారు, ఫిల్టర్ మార్చారు. డబ్బులు పోయాయి, జబ్బు పోలేదు. ఒడ్డున డ్రమ్ములో నీళ్లు పెట్టి, కూలింగ్ పైపు అందులో వేసి స్టార్ట్ చేస్తే గంటసేపు ఏ వంకా లేకుండా ఆడుతోంది. నల్లపొగ లేదు, అంటే లోడు, గాలి సమస్య కాదు. నీలిపొగ లేదు, అంటే ఇంజిన్ ఆయిల్ తాగడం లేదు. తెల్లపొగ లేదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగానే ఉంది. నీళ్లు కలిసి ఉంటే పాలెక్కువైన టీలా కనబడేది. అన్నీ బాగున్నాయి, సముద్రంలోకి వెళ్తే ఆగిపోతుంది.

ఈ డైలాగ్ మా ఆఫీసులో రోజూ వింటాం. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచే కోడ్, కస్టమర్ దగ్గరికి వెళ్లగానే బోర్లా పడుతుంది. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే. రెండు చోట్లా ఏం తేడా ఉందో వెతకడం. మేస్త్రి ఇంజినీరింగ్ చదవలేదు కానీ చేసింది సరిగ్గా అదే. స్పానర్ ముట్టుకోకుండా బీడీ వెలిగించి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

‘‘మూడుసార్లూ ఎప్పుడు ఆగింది? పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?’’

‘‘వచ్చేటప్పుడే’’ అన్నాడు తమ్ముడు.

‘‘టాంకులో ఆయిల్ ఎంతుంది అప్పుడు?’’

‘‘సగం కంటే తక్కువే ఉంటది కదా బాబాయ్, వచ్చేటప్పుడు.’’

‘‘సముద్రం ఎలా ఉంది?’’

‘‘గాలిగానే ఉంది. మూడుసార్లూ.’’

మేస్త్రి బీడీ పారేసి, డీజిల్ ట్యాంకు విప్పమన్నాడు. ఇంజిన్ కాదు, ట్యాంకు. అడుగు నుంచి ఒక లీటరు తీసి గాజు సీసాలో పోసి పక్కన పెట్టాడు. పది నిమిషాలకి సీసాలో మూడు అంతస్తులు తేలాయి. పైన డీజిల్. అడుగున నీళ్లు. మధ్యలో నల్లటి జిగురు.

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఉంటుంది. తీరంలో ఆ గాలిలో తేమ ఎక్కువ. రాత్రి చల్లబడగానే ఆ తేమ ట్యాంకు గోడలకి చెమటలా పట్టి కిందికి జారుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకి చేరతాయి. నీళ్లూ డీజిలూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఆ జిగురు వాటిదే. బోటు ఒడ్డున కదలకుండా ఉన్నంతసేపు ఆ చెత్త అడుగునే పడుంటుంది, ఇంజిన్‌కి పైనున్న శుభ్రమైన డీజిల్ వెళ్తుంది. అలల మీద ఊగేసరికి, అందులోనూ డీజిల్ తగ్గి ఉంటే, కింద ఉన్నదంతా పైకి లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఇంజిన్ ఊపిరాడక ఆగుతుంది. కాసేపాగితే చెత్త మళ్లీ కిందికి దిగుతుంది, ఇంజిన్ అంటుకుంటుంది. ‘ఎలాగో అంటుకుంది’ అన్న రెండుసార్లూ జరిగింది ఇదే.

నిజం చెప్పాలంటే నాకు ఆ పూట చప్పట్లు కొట్టాలనిపించింది. మా టీమ్‌లో ఇలాంటి బగ్ దొరికితే కేక్ కోస్తాం. ఇక్కడ బాబాయ్ మాత్రం ఆ సీసా వైపు చాలాసేపు చూసి, ‘‘పంపుకి పెట్టిన డబ్బులు...’’ అని అంతటితో ఆపేశాడు.

ట్యాంకుని కడిగి, పైన చెయ్యి పట్టేంత మూత పెట్టించారు, ఇకముందు లోపల చూసుకోవడానికి. అడుగున అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట ఒక కుళాయి పెట్టారు. వారానికోసారి తిప్పి నీళ్లు వదిలేయొచ్చు. డీజిల్ లాగే పైపు చివరను అడుగుకి తగలకుండా కాస్త పైకి లేపారు. ఇంజిన్‌కి ముందు ఒకటి కాదు, రెండు ఫిల్టర్లు. మొదటిదానికి కింద గాజు గిన్నె ఉంటుంది, నీళ్లు చేరితే కంటికి కనబడుతుంది. ఇక వేట నుంచి రాగానే ట్యాంకు నింపి పెట్టాలి, పోయేముందు కాదు. ఖాళీ లేకపోతే చెమట పట్టడానికి చోటే ఉండదు. చివర్లో లైన్‌లో చేరిన గాలి తీయడం. స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేత్తో పంపు కొట్టడం. పొలంలో డీజిల్ ఇంజిన్ చూసిన పిల్లలకి ఈ ‘ఎయిర్ తీయడం’ కొత్తేం కాదు.

నాగాయలంక, దివిసీమ పాయల్లో తిరిగే చిన్న పడవలకు వెనక తగిలించే పెట్రోలు ఇంజిన్లున్న వాళ్లకి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే నీళ్లతో కలిసి అడుగుకి విడిపోతుంది. పాత ఇంజిన్ల రబ్బరు పైపులు కూడా దీనికి ఉబ్బి, మెత్తబడొచ్చు. సీజన్ అయిపోగానే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయండి. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో ఇంజిన్ లోపల కడగండి. పక్క నుంచి సన్నటి ధారలా నీళ్లు రావాలి. ఆ ధార ఆగిందంటే కూలింగ్ పంపులో రబ్బరు చక్రం పోయినట్టే, వెంటనే ఆపేయాలి. దాని ధర కొన్ని వందలు, ఇంజిన్ ధర మీకు తెలుసు.

మెల్లగా పోవడమే కష్టం

గాలాలు లాగాలంటే వేగం ముఖ్యం. వంజరానికి గంటకి నాలుగు నుంచి ఆరు నాట్లు. ఒక నాట్ అంటే 1.852 కిలోమీటర్లు, కాబట్టి సైకిల్ మీద తాపీగా పోయేంత వేగం. మరీ నెమ్మదైతే ఎర చచ్చిన ఆకులా వేలాడుతుంది. మరీ వేగమైతే నీటి మీద ఎగురుతుంది. ఆ మధ్య వేగంలో గంటల తరబడి ఒకే తీరుగా నడవాలి.

ఇక్కడే నా బీటెక్ మొదటిసారి పనికొచ్చింది. ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం ముందుకు పోవాలో దాని పిచ్ చెబుతుంది. వాళ్లది పన్నెండు అంగుళాలు. ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు, గేరుబాక్సు దాన్ని సగానికి తగ్గిస్తుంది, అంటే ప్రొపెల్లర్ 750. గుణిస్తే గంటకి 13.7 కిలోమీటర్లు, 7.4 నాట్లు. కానీ నీళ్లు మర మేకు బిగించే చెక్క కాదు, జారిపోతాయి. ఆ జారుడు మూడో వంతు పైనే తీసేస్తే నాలుగున్నర, ఐదు నాట్ల దగ్గర తేలుతుంది. సరిగ్గా కావలసిన వేగం. ప్రొపెల్లర్ మార్చక్కర్లేదని తేలాక బాబాయ్ నాకు రొయ్యల వేపుడు పెట్టించాడు. నా కెరీర్‌లో ఇంత త్వరగా వచ్చిన అప్రైజల్ ఇంకోటి లేదు.

వేగం తగ్గిస్తే ఇంకో లాభం. ఇలాంటి బోట్లకు కావలసిన శక్తి దాదాపు వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే చాలు, ఇంజిన్ మీద పని సగానికి దగ్గరగా పడిపోతుంది. హార్బర్‌కి ముందు చేరాలని పోటీ పడి పరిగెత్తే బోట్లు డీజిల్‌ని నీళ్లలా పోసేది ఇందుకే.

రెక్కలకు పడిన చిన్న సొట్టలు కొట్టి సరిచేశారు. షాఫ్టు, ఇంజిన్ ఒకే గీతలో ఉన్నాయా అన్నది మాత్రం ఒడ్డున కాకుండా బోటు నీళ్లలో తేలాకే బిగించారు. దుంగల మీద ఉన్నప్పుడు బోటు ఒళ్లు ఒకలా ఉంటుంది, నీళ్ల మీద ఇంకోలా సర్దుకుంటుంది. షాఫ్టు బయటికెళ్లే చోట గ్లాండ్‌లో గ్రీజు తాడు కొత్తది చుట్టారు. దాన్ని చుక్క నీరు రాకుండా బిగించకూడదు, షాఫ్టు వేడెక్కి అరిగిపోతుంది. నడిచేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి. లీకు ఉండటమే కరెక్టు అన్న మాట నాకు కొత్తగా అనిపించింది. అడుగున ఇనుము, కంచు భాగాల పక్కన జింక్ ముక్కలు బిగించారు. ఉప్పునీటిలో తుప్పు ముందు ఆ జింక్‌ని తింటుంది, మిగతావాటిని వదిలేస్తుంది.

రెండు వెదురుబొంగులు, ఒక సైకిల్ ట్యూబు

గాలాల సెటప్ చూసి పెద్ద పెద్ద రాడ్లు, రీళ్లు ఊహించుకోకండి. యూట్యూబ్‌లో తెల్లవాళ్లు వాడే ఒక్క రీలు ధరకి ఇక్కడ మొత్తం అయిపోతుంది. బోటు వెనక రెండు వైపులా పదిహేనడుగుల వెదురుబొంగులు రెక్కల్లా చాపి కట్టారు. గాలపు తాళ్లు ఒకదానికొకటి చుట్టుకోకుండా దూరంగా ఉంచడానికి. బొంగుల నుంచి పోయే తాళ్లు పొడుగు, నలభై, యాభై మీటర్లు. వెనక మధ్యలోనుంచి పోయేవి పొట్టి, ఇరవై, ముప్పై. బోటు తిప్పేటప్పుడు కూడా చుక్కానిని ఒక్కసారిగా తిప్పకుండా పెద్ద వంపు తీసుకోవాలి.

లాగే తాడు లావుపాటి టంగూసు, అదే నైలాన్ తీగ. చివర అర మీటరు నుంచి మీటరు వరకు స్టీలు తీగ. వంజరం పళ్లు బ్లేడుల్లా ఉంటాయి, ఉత్త నైలాన్‌ని ఒక్క కొరుకుతో తెంపుతుంది. రెండిటి మధ్య గిర్రున తిరిగే ఇత్తడి లింకు, ఎర తిరిగినా తాడు మెలిపడకుండా. బొంగుకీ తాడుకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క. ఐదు నాట్ల వేగంతో పోతున్న బోటు మీద నాలుగు కేజీల చేప ఒక్కసారిగా పడితే ఆ కుదుపుకి తాడైనా తెగాలి, చేప నోరైనా చిరగాలి. ట్యూబు సాగి ఆ దెబ్బని తీసుకుంటుంది. పైగా ట్యూబు సాగిందంటే చేప పడిందని నోటిఫికేషన్ వచ్చినట్టే.

ఎరకి మెరిసే చెంచాలాంటి రేకులు, రబ్బరు కుచ్చుల నకిలీ స్క్విడ్‌లు కొన్నారు. కానీ బాబాయ్ నమ్మకం మాత్రం తాజా కానాగంతల మీదే. గాలం నోటి నుంచి గుచ్చి, చేప తిన్నగా ఈదేలా కుట్టాలి. వంకరగా కుడితే గిరగిరా తిరుగుతుంది, ఏ చేపా మోసపోదు.

భయపడాల్సింది కూడా ఒకటుంది. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గాలానికి చిక్కిన పెద్ద కొమ్ముకోనెం ఒక మత్స్యకారుణ్ని నీళ్లలోకి లాక్కెళ్లిపోయింది. అందుకే ఈ బోటులో తాడుని చేతికి చుట్టుకోవడం నిషేధం, ఎంత చిన్న చేపైనా సరే. ప్రతి తాడు పక్కనా పదునైన కత్తి ఒకటి కట్టి ఉంటుంది. తెంపాలా వద్దా అని ఆలోచించొద్దు, ముందు తెంపేయ్, ఇదే రూలు. దాన్ని తమ్ముడితో నాలుగుసార్లు చెప్పించుకుంది పిన్ని.

ఫోన్‌లో సముద్రం

చేప ఎక్కడుంటుందో చెప్పే ఆఫీసు సముద్రం ఒడ్డున కాదు, హైదరాబాద్‌లో ఉంది. ఇన్‌కాయిస్ వాళ్లు ఉపగ్రహాల నుంచి నీటి ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం చూసి చేపలు చేరే అవకాశం ఉన్న ప్రాంతాలు ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో ఉన్నాయో తెలుగులో కూడా పంపిస్తారు. చల్లటి నీరు, వెచ్చటి నీరు కలిసే గీతల దగ్గర చిన్న చేపలు చేరతాయి, వాటి వెనక పెద్దవి. బాబాయ్ దీన్ని నమ్ముతాడు కానీ పక్షుల్ని ఇంకా ఎక్కువ నమ్ముతాడు. నీటి మీద పక్షులు గుంపుగా మునుగుతుంటే కింద ఏదో ఉన్నట్టే. నా అభిప్రాయం అడిగితే, రెండూ ఒకే డేటాని వేరే వేరే సెన్సార్లతో చదువుతున్నాయి.

చేప కంటే ముఖ్యమైంది మాట అందడం. సెల్ సిగ్నల్ కొంత దూరం దాటాక ఉండదు. 2024 ఆగస్టులో కేంద్రం 364 కోట్లతో లక్ష చేపల బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలుపెట్టింది. ఇస్రో టెక్నాలజీ. ఉపగ్రహం ద్వారా రెండువైపులా మెసేజ్‌లు పోతాయి, ఫోన్‌లో నభ్‌మిత్ర యాప్‌తో చూసుకోవచ్చు. ప్రమాదంలో ఉంటే ఒడ్డుకి కబురు పంపొచ్చు, తుపాను హెచ్చరిక బోటుకే వస్తుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి మా ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతుంటే వినే ఉంటారు. అప్పుడు సముద్రం మీద ఉన్నవాడికి కబురు పంపే దారే లేదు. ఇప్పుడు ఉంది, ఒకే షరతు, బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉండాలి. అందుకే ఇంజిన్ బ్యాటరీతో సంబంధం లేకుండా దీనికీ, లైట్లకీ విడిగా ఒక బ్యాటరీ, చిన్న సోలార్ పలక బిగించారు. లైఫ్ జాకెట్లు దిండ్లుగా వాడటం మానేస్తామని కలాసీలు మాటిచ్చారు. చూడాలి.

నీళ్లలోకి

జూన్ మొదటివారంలో పోటు చూసుకుని బోటుని నీళ్లలోకి దించారు. గిలకలదిండి మొగ దగ్గర ఇసుక మేట ఎక్కువ, పాటు సమయంలో బోట్లు కదలడమే కష్టం. వలా గాలం ఏదీ లేకుండా కాలువలోనే మూడు గంటలు నడిపారు. ట్యాంకులో కావాలనే సగం కంటే తక్కువ డీజిల్ పోశాడు మేస్త్రి. మలుపుల్లో బోటుని ఇటూ అటూ ఊపమన్నాడు. పాత బగ్ మళ్లీ వస్తుందేమో చూడటానికి అంతకంటే మంచి టెస్ట్ కేస్ నేనైనా రాయలేను. ఇంజిన్ ఆగలేదు. ఒడ్డుకొచ్చాక పిన్ని ఫిల్టర్ కింద గాజు గిన్నె చూపించమంది. వంగి చూసింది. లోపల డీజిల్ తప్ప ఏమీ లేదు. ఏమీ అనకుండా లోపలికెళ్లి అందరికీ టీ పెట్టింది.

నిషేధం ముగిశాక మొదటి వేటలో గాలాలకి పడింది ఒక ప్లాస్టిక్ సంచి. రెండో వేటలో పోయేటప్పుడే రెండుసార్లు ట్యూబు సాగింది. ఒకటి తెంపుకుపోయింది. రెండోది నాలుగు కేజీల పైచిలుకు వంజరం. ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ వేగంలో గంటకి రెండున్నర లీటర్లు అనుకుంటే ఆరు గంటలకి పదిహేను లీటర్లు. లీటరు వందనుకుంటే 1,500 రూపాయలు. రాష్ట్రం ఇచ్చే లీటరుకి తొమ్మిది రూపాయల సబ్సిడీ తీసేస్తే ఇంకాస్త తక్కువ. వంజరం కేజీ అయిదొందలకు పోయినా మూడు కేజీలతో డీజిల్ ఖర్చు తీరింది. ఆ పైన వలలో పడ్డదంతా మిగులే. రోజూ పడుతుందా? పడదు. కేవలం గాలాల కోసమే బోటు తీస్తే ఇక్కడ గిట్టదని బాబాయే అంటాడు. దారిలో లాక్కుపోవడం వరకే.

నాలుగు తాళ్లతో మొదలుపెట్టి, తిప్పేటప్పుడు చిక్కులు పడుతున్నాయని రెండింటికి తగ్గించాడు. మిగిలిన రెండు వెదురుబొంగుల్లో ఒకటి పిన్ని బట్టలు ఆరేసుకోవడానికి తీసుకుంది.